వెబ్ అప్లికేషన్లను పరీక్షించు విధానము

కుండను కొనువారు దానిని వ్రేళ్లతో తట్టి, మ్రోత విని మరీ కొందురు. కంటికి కానరాని బీటను చెవి పట్టుకొనును. నేడు పరీక్షా ఫలితములు, విద్యార్థి వేతనములు, కుల ధ్రువపత్రములు, భూముల అడంగళ్లు అన్నియు వెబ్ అప్లికేషన్ల ద్వారానే మనకు చేరుచున్నవి. 2011లో మీసేవ, 2019లో గ్రామ సచివాలయములు వచ్చిన పిదప వెలిగండ్ల వంటి మండల కేంద్రములకును ఈ మార్పు వ్యాపించినది. అట్టి అప్లికేషనును ప్రజల చేతికి ఇచ్చుటకు ముందు తట్టి చూచు విద్యకే టెస్టింగ్ అని పేరు. అందలి ముఖ్య సూత్రములను విద్యార్థులకు పరిచయము చేయుట ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఒక చేదు పాఠము

2019 ఏప్రిల్ 18న తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితములు వెలువడినవి. సుమారు 3 లక్షలమందికి పైగా విద్యార్థులు ఉత్తీర్ణులు కాలేదు. పరీక్ష వ్రాసినవారిలో కొందరు గైరుహాజరైనట్లు చూపబడిరి. తెలుగులో 99 మార్కులు రావలసిన ఒక విద్యార్థినికి సున్న వచ్చినది. ఫలితముల అనంతరము ఇరువదిమందికి మించి విద్యార్థులు ప్రాణములు తీసికొనిరని నాటి పత్రికలు ప్రకటించినవి. ఆ మరణములన్నిటికిని లెక్క తప్పులే కారణమనుట న్యాయము కాదు. కాని తెరపై కనబడు అంకెను ఒక లేబ్రాయపు విద్యార్థి విధివ్రాతగా భావించునని మాత్రము ఆ దినములు మనకు తెలిపినవి. ప్రభుత్వము త్రిసభ్య కమిటీని నియమించి, తప్పినవారందరి జవాబు పత్రములను ఉచితముగా పునఃపరిశీలన చేయించగా, వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులైరి.

హద్దులు, పొంతనలు

మార్కుల గడిని పరీక్షించుటకు నేర్చుకొనవలసిన మొదటి పద్ధతి హద్దులను చూచుట. నూరు మార్కుల ప్రశ్నపత్రమునకు 0, 1, 99, 100 అను అంకెలను ఇచ్చి చూడవలెను, ఇవి చెల్లవలెను. పిదప ఋణ సంఖ్యను, 101ని, అక్షరములను, ఖాళీ గడిని ఇచ్చి చూడవలెను, ఇవి చెల్లరాదు. తప్పులు ఎక్కువగా హద్దుల వద్దనే దాగియుండును.

అయితే పైన చెప్పిన సున్నను ఈ పరీక్ష పట్టగలదా? పట్టలేదు. సున్న హద్దులలోని అంకెయే గదా! దిద్దినవారు ఓ.ఎం.ఆర్. పత్రముపై వలయములను తప్పుగా నింపగా యంత్రము ఉన్నదానిని ఉన్నట్లే చదివినది. కావున రెండవ పద్ధతి అవసరము. అది పొంతన చూచుట. మొదటి సంవత్సరము మంచి మార్కులు పొందిన విద్యార్థికి రెండవ సంవత్సరము అదే భాషలో సున్న వచ్చినచో, అప్లికేషన్ ఆ ఫలితమును ప్రకటింపక నిలిపి, మనిషి కంటికి చూపవలెను. పరీక్షించువాడు కావలెనని అట్టి సున్నను ఇచ్చి, అది నిలుచుచున్నదో లేదో చూడవలెను. ఒకే లెక్కను మరొక స్వతంత్ర సంస్థచేత సమాంతరముగా చేయించి పోల్చుటయు ఇట్టి జాగ్రత్తయే.

పేర్లు, లిపులు

మన ప్రాంతమున షేక్ మస్తాన్‌వలి వంటి పేర్లు సాధారణము. ఈ పేరులో 'న్' తరువాత 'వ' వత్తుగా మారకుండ ఆపుటకు కంప్యూటరులో కంటికి కనబడని ఒక గుర్తు ఉండును. ఒకచోట ఆ గుర్తుతోను, మరొకచోట గుర్తు లేక 'మస్తాన్వలి' అనియు నమోదైనచో, కంప్యూటరుకు వారిరువురు వేరు మనుష్యులు. విద్యార్థి వేతనము ఆగిపోవుటకు ఈపాటి తేడా చాలును. వెదకునపుడు ఆ గుర్తును లెక్కింపకుండ చేయుటయే దీనికి మందు.

ఆ కనబడని గుర్తు చిన్నది కాదు. 2018 ఫిబ్రవరిలో 'జ్ఞా' అను తెలుగు అక్షరము ఈ గుర్తుతో కూడి వచ్చినపుడు ఐఫోనులలోని అప్లికేషన్లు కుప్పకూలినవి. ఆపిల్ సంస్థ ఆ నెలలోనే సవరణ విడుదల చేసినది. తెలుగులో పరీక్షింపనిదానిని తెలుగువారికి పనికివచ్చునని నమ్మరాదు. ఉర్దూ కుడి నుండి ఎడమకు నడచును. అందలి అంకెలు మాత్రము ఎడమ నుండి కుడికి నడచును. కనుక ఉర్దూ పుటలలో తేదీలు, ఫోను నంబర్లు తారుమారగుచున్నవేమో ప్రత్యేకముగా చూడవలెను.

మందగతి, రద్దీ

నగరములోని వేగవంతమైన నెట్టుపై నడచినది పల్లెలో నడవకపోవచ్చును. ఫీజు చెల్లించువేళ కరెంటు పోయినదనుకొనుడు. విద్యార్థి మరల మీట నొక్కును. అపుడు ఫీజు రెండుమార్లు పోరాదు. పరీక్షించువాడు మధ్యలో నెట్టును త్రెంచి, పాత ఫోనుపై, చిన్న తెరపై ఈ ముచ్చటను నడిపి చూడవలెను.

రద్దీయు అట్టిదే. 2013 అక్టోబరు 1న అమెరికా ప్రభుత్వము ఆరోగ్య బీమా కొరకు తెరచిన వెబ్‌సైటులో మొదటి దినమున నమోదు పూర్తి చేసికొనగలిగినవారు ఆరుగురు మాత్రమే. వచ్చు జనమెంతయో ముందుగా అంచనా వేసి, అంతటి భారమును కృత్రిమముగా మోపి చూచుట తప్పనిసరి.

భద్రతకు ఒక సులభ పరీక్ష కలదు. చిరునామా పట్టీలోని హాల్‌టికెట్ నంబరును మార్చినచో పరుల ఆంతరంగిక వివరములు కనబడుచున్నచో, ఆ తలుపునకు గడియ లేదని అర్థము. ఈ పరీక్షను మన సొంత అప్లికేషనుపైననో, అనుమతి గలదానిపైననో మాత్రమే చేయవలెను.

మరల మరల

ఒక తప్పును సవరించునపుడు మరొకటి పుట్టుట సహజము. కావున సవరణ జరిగిన ప్రతిసారి పాత పరీక్షలన్నిటిని మరల నడుపవలెను. ఇది మనుష్యులకు విసుగు పుట్టించు పని. అందుచే 2004లో పుట్టిన సెలీనియం వంటి సాధనములు మనిషికి మారుగా మీటలు నొక్కి, ఫలితములను సరిచూచుచున్నవి. కాని ఏది సరియైన ఫలితమో ముందుగా వ్రాసియుంచవలసినది మనిషియే.

పరీక్షలు తప్పులున్నవని చూపగలవే కాని, తప్పులు లేవని నిరూపింపలేవని డచ్చి శాస్త్రజ్ఞుడు డైక్‌స్ట్రా ఏనాడో హెచ్చరించెను. అందుచే ఎంత పరీక్షించినను, తప్పు జరిగినదని మొరపెట్టుకొనుటకు పౌరునకు ఒక దారి, వినుటకు ఒక మనిషి ఉండవలెను.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు ఇట్టి అప్లికేషన్లను నిర్మింతురు. తెరకు ఆవల సున్నను చూచి నివ్వెరపోవు ఒక విద్యార్థి కలదని గుర్తుంచుకొని పరీక్షింపుడు.