చలికాలంలో ఆట మానకుందాం

మాలో చాలామందిమి సముద్రం పక్కన పుట్టినవాళ్ళం. విశాఖపట్నం, విజయనగరం వైపు చలికాలమంటే ఒక దుప్పటి ఎక్కువ కప్పుకోవడమే. అమ్మకో నాన్నకో బదిలీ కావడంతో కిరందుల్ రైలెక్కి, అరకు కొండలూ సొరంగాలూ దాటి బస్తరు చేరాక అసలు చలి ఏమిటో తెలిసింది. ఎద్దు మూపురంలా ఉండే బైలడిలా కొండలు 1,200 మీటర్లకు పైగా ఎత్తు లేస్తాయి. డిసెంబరులో వాటి మీద మంచు కమ్ముకుంటే ఎదురింటి గేటు కూడా కనబడదు. మాఘమాసపు చలికి మాకులు వణుకుతాయని మన పెద్దలు ఊరికే అనలేదు.

పోయిన ఏడాది దీపావళి సెలవులయ్యాక కాలనీ పిల్లలం పదకొండు మందిమి కలిసి ఒక నిర్ణయం తీసుకున్నాం. రోజూ ఉదయం 5 గంటలకు లేచి పరుగెత్తాలి. మొదటి రోజు పదకొండు మందిమీ వచ్చాం. రెండో వారానికి ముగ్గురమే మిగిలాం. నవంబరు ముగిసేసరికి మైదానంలో ఎవరూ లేరు. మాకు సిగ్గేసింది. అయితే ఒకరినొకరు తిట్టుకోకుండా, ఎందుకిలా జరిగిందో కూర్చుని ఆలోచించాం. ఆ ఆలోచనే ఈ పాఠం.

దుప్పటి ఎందుకు గెలుస్తుంది?

మొదటి కారణం సూర్యుడే. డిసెంబరు నెలాఖరులో ఇక్కడ ఆరున్నర దాటితేగాని తెల్లవారదు. ఐదింటికి లేవడమంటే నడిరాత్రి లేచినట్టే.

రెండో కారణం మన ఒళ్ళు. చలి తగలగానే చర్మం దగ్గరి సన్నని రక్తనాళాలు ముడుచుకుంటాయి. లోపలి వేడి బయటకు పోకుండా శరీరం చేసుకునే ఏర్పాటు ఇది. చల్లబడిన కండరాలు బిగుసుకుని మెల్లగా పనిచేస్తాయి. అందుకే మొదటి ఐదు నిమిషాలు కాళ్ళు మన మాట వినవు. అది బద్ధకమనుకుని మనల్ని మనమే నిందించుకుంటాం.

ఇక్కడే ఒక మంచి సంగతి ఉంది. కండరం పని చేసేటప్పుడు ఖర్చయ్యే శక్తిలో సుమారు నాలుగో వంతు మాత్రమే కదలికగా మారుతుంది. మిగిలినదంతా వేడి అవుతుంది. చలికి వణకడం కూడా ఇదే పద్ధతి. కండరాలను ఆడించి శరీరం వేడి పుట్టించుకుంటుంది. అంటే మనం పరుగెత్తితే మనకు మనమే భోగిమంట అన్నమాట. ఆ మంట అంటుకోవడానికి కావలసిన ఐదు పది నిమిషాలు ఓర్చుకోవడమే అసలు కష్టం.

చలి నుంచి పుట్టిన ఆట

చలికి ఆట మానేసినవాళ్ళం మనమే మొదటివాళ్ళం కాదు. 1891లో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో ఒక శిక్షణ కళాశాల విద్యార్థులు చలికాలమంతా నాలుగు గోడల మధ్య ఒకే రకం కసరత్తు చేయలేక విసుగెత్తిపోయారు. వాళ్ళ ఉపాధ్యాయుడు జేమ్స్ నైస్మిత్ వాళ్ళను కోప్పడలేదు, ఆటనే మార్చాడు. పళ్ళ బుట్టలు రెండు ఎత్తున కట్టించి, 13 నియమాలు రాసి, డిసెంబరు నెలలో 18 మందిని రెండు జట్లుగా ఆడించాడు. అదే బాస్కెట్‌బాల్. మన బడి మైదానంలో కనబడే ఆ ఇనుప రింగు వెనక ఒక చలికాలపు విసుగు ఉంది.

దూరం దాకా ఎందుకు? 2024లో మొదటిసారి జరిగిన బస్తర్ ఒలింపిక్స్ చలికాలంలోనే జరిగాయి. నవంబరులో మొదలైన పోటీలు డిసెంబరులో జగదల్‌పూర్‌లో ముగిశాయి. బస్తరు ప్రాంతంలోని ఏడు జిల్లాల నుంచి సుమారు 1.65 లక్షల మంది పాల్గొన్నారు. విలువిద్య, కబడ్డీ, ఖోఖో, హాకీ, ఫుట్‌బాల్, తాడు లాగుడు అన్నీ ఉన్నాయి. అడవి దున్న, కొండ గోరువంక ఆ ఆటలకు గుర్తులు. మా తరగతిలో చుట్టుపక్కల పల్లెల నుంచి సైకిలు మీద వచ్చేవాళ్ళు ఉన్నారు. మేము దుప్పటితో పోట్లాడుతున్న సమయానికి వాళ్ళ వ్యాయామం సగం అయిపోతుంది!

మేము చేసుకున్న మార్పులు

1. వేళ మార్చాం. ఉదయం పరుగు మానేసి, బడి అయ్యాక ఎండ ఉండగానే ఆడటం మొదలుపెట్టాం. ఐదున్నరకే పొద్దుగూకుతుంది కాబట్టి ముందు ఆట, తర్వాతే హోంవర్కు.

2. పది నిమిషాల ఒప్పందం. పది నిమిషాలు ఆడాక ఇంటికి వెళ్ళిపోవాలనిపిస్తే వెళ్ళవచ్చు, ఎవరూ ఏమీ అనకూడదు. ఒళ్ళు వేడెక్కాక వెళ్ళినవాళ్ళు చాలా తక్కువ.

3. ఆట మార్చాం. సోమవారం చెడుగుడు, మంగళవారం ఖోఖో, బుధవారం తాడాట. మంచు ఎక్కువైనా వాన పడినా ఇంట్లోనే సూర్యనమస్కారాలు.

4. తలుపు తట్టే బాధ్యత. ప్రతి ఒక్కరూ ఇంకొకరి ఇంటి తలుపు తట్టాలి. మన కోసం కాకపోయినా, స్నేహితుడు వాకిట్లో నిలబడితే చెప్పులు వేసుకోక తప్పదు.

5. గోడ మీద క్యాలెండరు. ఆడిన రోజున చుక్క పెట్టాలి. ఒక రోజు తప్పితే ఫరవాలేదు, వరుసగా రెండు రోజులు తప్పకూడదు.

ఐదు నుంచి పదిహేడేళ్ళ పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒళ్ళు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది ఒకేసారి కానక్కరలేదు. బడికి నడక, విరామంలో ఆట, సాయంత్రం చెడుగుడు కలిపితే గంట నిండుతుంది. ధనుర్మాసంలో అమ్మతో కలిసి వాకిట్లో పెద్ద ముగ్గు వేసి చూడండి. ఎన్నిసార్లు వంగి లేస్తామో అప్పుడు తెలుస్తుంది.

జాగ్రత్తలు

ఆటకు ముందు ఐదు పది నిమిషాలు మెల్లగా నడిచి, చేతులూ కాళ్ళూ కదిలించి ఒళ్ళు వేడెక్కించుకోవాలి. ఒకే మందపాటి స్వెట్టరు కన్నా రెండు మూడు పలుచని పొరలు మేలు, వేడెక్కాక ఒకటి తీసేయవచ్చు. చెమట పట్టిన బట్టలు వెంటనే మార్చుకోవాలి. చలిలో దాహం తెలియకపోయినా నోటి నుంచి వచ్చే ఆవిరిలో నీరు పోతూనే ఉంటుంది కాబట్టి నీళ్ళు తాగాలి. చెత్త కాల్చే పొగ దగ్గర పరుగెత్తకూడదు. మంచులో రోడ్డు మీదికి పోకూడదు. ఉబ్బసం ఉన్నవాళ్ళు డాక్టరుగారిని అడిగిన తర్వాతే చలిలో ఆడాలి.

పెట్టెలో సర్దనక్కరలేనిది

జనవరి ఆఖరుకు మేము ఏడుగురం మిగిలాం. పదకొండు కాకపోయినా సున్నా కాదు. ఆ ఏడుగురిలో ఒకడికి ఫిబ్రవరిలో బదిలీ వచ్చింది. లారీలో సామాను ఎక్కిస్తుంటే మేమంతా నిలబడి చూశాం. మంచాలు, పుస్తకాలు, తులసి కుండీ అన్నీ ఎక్కాయి. మా క్యాలెండరులో అతని వరుస అక్కడితో ఆగిపోయింది. నెల తర్వాత ఫోను చేసి, "ఇక్కడ నాకు ఎవరూ తెలియదురా, సాయంత్రం మైదానానికి వెళ్ళి నిలబడ్డాను, పది నిమిషాల్లో నన్నూ ఆటలోకి పిలిచారు" అన్నాడు.

మన బడులు మారతాయి, ఇళ్ళు మారతాయి, స్నేహితులు మారతారు. ఆడే అలవాటు మాత్రం మనతోనే వస్తుంది, కొత్త ఊళ్ళో స్నేహితులనూ చూపిస్తుంది. క్యాలెండరులో అతని వరుసలో ఆ రోజు మేమే ఒక చుక్క పెట్టాం.

అభ్యాసం

1. చలిలో ఆట మొదటి ఐదు నిమిషాలు ఎందుకు కష్టంగా ఉంటుంది?
2. నైస్మిత్ తన విద్యార్థుల విసుగును ఎలా పోగొట్టాడు?
3. మీరు ఇంతకుముందు ఉన్న ఊళ్ళో చలికాలపు ఆట ఒకటి గుర్తు చేసుకుని, ఇక్కడి స్నేహితులకు నేర్పండి.
4. ఈ వారం మీరు ఎవరి తలుపు తడతారు?