బహువచనాలు నాకు చెప్పిన పాఠాలు

ముప్పై రెండేళ్లు తెలుగు మీడియం బడుల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. బోర్డుకు ఎడమవైపు ఏకవచనాలు, కుడివైపు బహువచనాలు రాసి బట్టీ పట్టించడమే బోధన అనుకున్నాను చాలాకాలం. కొత్తగా చాక్‌పీసు పట్టిన మీకోసం ఈ నాలుగు మాటలు.

1. తప్పు రాసినవాడే పాఠం బాగా విని ఉండవచ్చు.

ఆరో తరగతిలో ఒకడు 'చైల్డ్స్', 'ఫుట్స్' అని రాస్తే అందరి ముందు నిలబెట్టి నవ్వులపాలు చేశాను. పాపం, వాడు నేను చెప్పిన 'ఎస్' సూత్రాన్నే నమ్మాడు. 1958లో జీన్ బెర్కో అనే అమెరికన్ పరిశోధకురాలు, ఏ నిఘంటువులోనూ లేని 'వగ్' అనే పిట్టబొమ్మను చిన్నపిల్లలకు చూపి, ఇలాంటివి రెండుంటే ఏమంటారని అడిగింది. ఎక్కువమంది తడుముకోకుండా 'వగ్స్' అన్నారు. ఎన్నడూ వినని మాటకు సూత్రం తామే అతికించుకున్నారు. ఈ సంగతి నేను చదివేసరికి నా ఉద్యోగం చివరికొచ్చింది. ఆ కుర్రాడు ఎక్కడున్నాడో తెలియదు.

2. స్పెల్లింగు కంటే చెవి ముందు.

చివర 'సీహెచ్' ఉంటే 'ఈఎస్' చేర్చమనేవాణ్ణి. ఆ ఊపులో 'స్టమక్'కూ ఈఎస్ తగిలించి బోర్డు మీద రాశాను. తనిఖీకి వచ్చిన అధికారి ఏమీ అనకుండా లేచి, ఆ 'ఈ' ఒక్కటీ చెరిపేశారు. అక్కడ సీహెచ్ పలికేది 'క్' అని కదా, ఎస్ చాలు. బస్, బ్రష్, బెంచ్ మాటల చివరి ధ్వనికి వెంటనే 'స్' అతకదు, నడుమ ఒక అచ్చు కావాలి. ఈ ఒక్క కారణం చెప్పి ఉంటే సగం సూత్రాలు తప్పేవి.

3. మొండి మాటకూ ఒక కథ ఉంటుంది.

ఫుట్–ఫీట్, గూస్–గీస్, మౌస్–మైస్. 'ఇవింతే' అనేవాణ్ణి. ఇంగ్లీషుకు పూర్వరూపమైన భాషలో వీటి బహువచన ప్రత్యయంలో ఇకారం ఉండేది. అది మాట లోపలి అచ్చును తనవైపు లాక్కుని, తర్వాత తాను రాలిపోయింది. మన 'పులి'కి 'లు' చేరితే 'పులులు' కాలేదూ? ఇల్లు–ఇళ్ళు, చెయ్యి–చేతులు అని పుట్టు మాటల్లా పలికే పిల్లల ముందు, ఇంగ్లీషు ఒక్కటే వంకర భాష అన్నట్టు మాట్లాడాను. తెలుగు మాస్టారు పక్క గదిలోనే ఉండేవారు, ఒక్కనాడూ అడగలేదు. 'చిల్డ్రెన్' మరీ విడ్డూరం: పాత బహువచనం మీద ఇంకో బహువచనం ఎక్కి కూర్చుంది. మన పిల్లలు 'షూస్‌లు' అంటే మాత్రం నేను ఊరుకోలేదు.

4. కొన్నిటికి బట్టీయే దిక్కు.

నైఫ్ నైవ్స్ అవుతుంది, రూఫ్ రూఫ్స్‌గానే ఉంటుంది. పొటాటోకు ఈఎస్, ఫోటోకు ఎస్.

5. లెక్కకు లొంగని మాటలుంటాయి.

ఫర్నిచర్, లగేజ్, ఇన్ఫర్మేషన్‌లకు ఎస్ చేరదు. బెంచీలు కావాలని రాసిన అర్జీలో నేనే 'ఫర్నిచర్స్' అన్నాను! మనకు పాలు పొంగుతాయి, నీళ్ళు వస్తాయి, రెండూ బహువచనాలే. ఇంగ్లీషులో మిల్క్, వాటర్ ఏకవచనాలు. పిల్లవాడు 'మిల్క్ ఆర్' అన్నాడంటే, ఇంట్లో నేర్చిన వ్యాకరణాన్ని వెంట తెచ్చుకున్నాడన్నమాట.

రేపు మీ తరగతిలో ఎవరైనా 'మౌసెస్' అని రాస్తే, ఎర్ర పెన్ను మూత తీసేముందు 'ఎందుకలా రాశావు నాన్నా' అని అడగండి.