ఆకాశంలో స్టడీ అవర్

1996 నవంబర్ 6 రాత్రి కోనసీమను ముంచెత్తిన తుఫాను గురించి మన ఇళ్లలో పెద్దవాళ్లు ఇప్పటికీ చెబుతుంటారు. వెయ్యి మందికి పైగా చనిపోయారు. కొబ్బరితోటలు నేలమట్టమయ్యాయి. అలాంటి తుఫానును ముందుగా పసిగట్టే ముఖ్య పరికరాల్లో కొన్ని రేడియో తరంగాల మీద పనిచేస్తాయి. ఆ తరంగాలను ఎవరు, ఎలా పంచుతారో తెలుసుకుందాం.

రేడియో తరంగం సెకనుకు ఎన్నిసార్లు కంపిస్తుందో అదే దాని పౌనఃపున్యం. కొలమానం హెర్ట్జ్. ఒకేచోట, ఒకే పౌనఃపున్యం మీద ఇద్దరు ప్రసారం చేస్తే రెండూ చెడిపోతాయి. అందుకే జెనీవాలోని అంతర్జాతీయ టెలికమ్యూనికేషన్ యూనియన్ ప్రపంచ దేశాలన్నిటికీ నియమాలు ఏర్పరచింది. మన దేశంలో టెలికాం శాఖలోని డబ్ల్యు.పి.సి. విభాగం అనుమతులిస్తుంది.

శాస్త్ర పరికరాలు రెండు రకాలు.

1. పంపి వినేవి: మచిలీపట్నంలోని డాప్లర్ రాడార్ సుమారు 10 సెంటీమీటర్ల తరంగాలను పంపి, వానచినుకుల నుంచి తిరిగొచ్చిన ప్రతిధ్వనిని కొలుస్తుంది. తిరుపతి దగ్గర గాదంకిలోని ఎం.ఎస్.టి. రాడార్ 53 మెగాహెర్ట్జ్ మీద, 1024 యాంటెన్నాలతో పైగాలులను పరిశీలిస్తుంది.

2. వినేవి మాత్రమే: గాలిలోని నీటి ఆవిరి నుంచి సహజంగా వెలువడే బలహీన తరంగాలను ఉపగ్రహాలు 23.8 గిగాహెర్ట్జ్ దగ్గర కొలుస్తాయి. అంతరిక్షంలోని హైడ్రోజన్‌ను రేడియో టెలిస్కోపులు 1420.4 మెగాహెర్ట్జ్ దగ్గర వింటాయి.

మేము హాస్టల్లో ఉన్నప్పుడు స్టడీ అవర్లో ఎవరూ మాట్లాడకూడదనేది నియమం. 1400–1427 మెగాహెర్ట్జ్, 23.6–24 గిగాహెర్ట్జ్ పట్టీలు కూడా అలాంటివే. వాటిలో ప్రసారాలు నిషిద్ధం.

అయితే పక్కగదిలో గోల చేసినా చదువు సాగదు కదా! 24.25 గిగాహెర్ట్జ్ నుంచి మొదలయ్యే పట్టీని 5జి ఫోన్లకు కేటాయించారు. మన దేశంలో 2022లో దాన్ని వేలం వేశారు. అక్కడి తరంగాలు కొంచెం పొంగి ఇవతలికి వస్తే, అది ఆవిరో ఫోన్ల గోలో ఉపగ్రహానికి తెలియదు. తప్పు లెక్క తుఫాను అంచనాలోకి చేరుతుంది. అందుకే 2019లో ఈజిప్టులోని షర్మ్ ఎల్ షేక్‌లో జరిగిన ప్రపంచ రేడియో సదస్సు ఆ పొంగుకు హద్దు పెట్టింది. 2027 సెప్టెంబర్ 1 తర్వాత వాడకంలోకి వచ్చే పరికరాలకు ఆ హద్దు మరింత కఠినం.

ఫోను మనకు కావాలి. తుఫాను హెచ్చరిక ఆ ఫోనుకే వస్తుంది. కానీ ఆ హెచ్చరిక సరైనది కావాలంటే, ఆకాశంలో కొన్ని పట్టీలు నిశ్శబ్దంగా ఉండాలి. ఫిజిక్సు చదివే తమ్ముళ్లు ఈ విషయంపై దృష్టి పెట్టాలని మా కోరిక. సముద్రం పక్కన పుట్టిన మనకంటే దీని అవసరం ఎవరికి బాగా తెలుసు?