ఉపరితల గనుల భూములలో వనపునఃస్థాపనము: అపలాచియా పద్ధతి

అమెరికాలోని అపలాచియా పర్వతప్రాంతమున బొగ్గుకై పైనుండి త్రవ్వివేసిన భూములను చక్కబరచు భారమును గని యజమానులపై మోపుచు, 1977 ఆగస్టు 3న అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ సంతకముతో ఉపరితల గనుల నియంత్రణ, పునరుద్ధరణ చట్టము వెలసెను. అయితే కొండవాలు జారకుండుటకై నేలను యంత్రములతో గట్టిగా నణచి, శీఘ్రముగా నెదుగు గడ్డివిత్తులు చల్లుట యాచారమగుటచే, వేళ్లు దిగక, నీరింకక, మొక్కలు క్షీణించెను. మేలుకోరి చేసిన కట్టుదిట్టమే కానకు వైరియగుట విచిత్రము! ఈ లోపమును సవరింప 2004లో నారంభమైన అపలాచియా ప్రాంతీయ వనపునఃస్థాపన యత్నము పంచసూత్ర పద్ధతిని ప్రచారము చేసినది: కనీసము 4 అడుగుల లోతుగల, వేరూనదగిన మట్టి, దానిని వదులుగా పరచుట, వృక్షములతో పోటీపడని పచ్చిక, కలపచెట్లతోబాటు నేలను నిలుపు తొలిదశ జాతులు, సరియైన నాటువిధానము. తెగులుచే దాదాపుగా నశించిన అమెరికా చెస్ట్‌నట్ వృక్షమును మరల పెంచుటకును ఈ వదులునేలలే ప్రయోగక్షేత్రములైనవి.