రుతుపవనాల గీత చూసి పత్తి గింజ వేయొద్దు

రోహిణి కార్తె వస్తే చాలు, ప్రొద్దుటూరు, జమ్మలమడుగు విత్తన దుకాణాల్లో ఒకే మాట వినిపిస్తుంది: ‘రుతుపవనాలు వచ్చేస్తున్నాయి, ఈ రకం మళ్లీ దొరకదు.’ నాలుగు చినుకులు పడగానే రైతు గొర్రు కడతాడు. ఈ నెల అసలు భయం అదే.

2025లో ఏమైందో గుర్తు చేసుకోవాలి. మామూలుగా జూన్ 1న కేరళను తాకే రుతుపవనాలు ఆ ఏడాది మే 24నే వచ్చాయి. 2009 తర్వాత అంత ముందుగా రావడం అదే మొదలు. మే 26 నాటికి ముంబైకీ, రాయలసీమలో కొన్ని ప్రాంతాలకూ చేరాయి. దేశమంతా పండగ చేసుకుంది. కానీ మే 29 నుంచి జూన్ నడిమి దాకా, రుతుపవనాలు ఎంతదాకా వచ్చాయో చూపే గీత ముందుకు కదలలేదు. అలాంటి విరామంలో గింజ నేలలోనే మాడుతుంది, మొలిచినా వాడుతుంది. పైగా కడప జిల్లా పడమటి మండలాలు పశ్చిమ కనుమల వానచాటున ఉన్నాయి. జూన్, జూలైలలో ఇక్కడ వాన కంటే గాలే ఎక్కువ.

వాతావరణ శాఖ మాటలను వాటి కొలతతోనే చదవాలి. ‘ఒకటి రెండు చోట్ల’ అంటే ఆ ప్రాంతంలోని వర్షమాపక కేంద్రాల్లో పావు వంతుకు మించదని అర్థం. పులివెందులలో కుండపోతగా కురిసి ముద్దనూరులో దుమ్ము లేవడం మనకు కొత్త కాదు. ‘మోస్తరు వర్షం’ 15.6 మిల్లీమీటర్ల నుంచి 64.4 దాకా ఎంతైనా కావచ్చు. పదహారు మిల్లీమీటర్లు నల్లరేగడి పగుళ్లలోకే చాలవు.

బరువు నేలల్లో పత్తి వేయాలంటే 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడాలి. అది పడిందో లేదో ఫోను చూసి తేల్చుకోవద్దు. గడ్డపారతో జానెడు లోతు తవ్వి, అడుగు మట్టిని పిడికిట పట్టి చూడాలి. ముద్ద కాకపోతే ఆగాల్సిందే. వారానికి రెండుసార్లు, మంగళ, శుక్రవారాల్లో, జిల్లా వ్యవసాయ వాతావరణ సూచన వస్తుంది. అందులోని ఐదు రోజుల్లో మొదటి రెండింటినే గట్టిగా నమ్మాలి. వాతావరణ శాఖ నాలుగు వారాల అంచనా గురువారం వెలువడుతుంది. వాన వెనక ఎండు విరామం ఉందేమో దాంట్లో చూసుకోవచ్చు.

తొందరకు మరో నష్టం ఉంది. మే నెలలోనే వేసిన పత్తి ముందుగా మొగ్గ తొడిగి గులాబీ రంగు పురుగుకు తొలి మేత అవుతుంది. ఊళ్లో అందరూ తలా ఒక వారం వేస్తే పురుగుకు నెలల తరబడి తిండి దొరికినట్టే. బీజీ-2 బీటీ గింజ ఇప్పుడు ఆ పురుగును ఆపడం లేదు. ‘ఇది కలుపు మందును తట్టుకుంటుంది’ అని చాటుగా అమ్మే సంచులకు దేశంలో అనుమతే లేదు. తేడా వస్తే బిల్లూ ఉండదు, పరిహారమూ ఉండదు.

మొలకెత్తిన వారానికే రసం పీల్చే పురుగుకని మందు డబ్బా అంటగట్టేవాళ్లను ఎన్నిసార్లు హెచ్చరించాలి? హైబ్రిడ్ గింజకు సాధారణంగా ఆ మందు పట్టించే ఉంటుంది. మొదటి మూడు వారాలు పిచికారీ డబ్బు దండగ, మిత్రపురుగులకు చావు. ‘వాన ఒత్తిడికి’ అంటూ ఇచ్చే టానిక్కు సీసాలను దుకాణంలోనే వదిలి రావాలి. ఆకాశం మబ్బు పట్టి, గాలి ఈడ్చి కొడుతున్నప్పుడు ట్యాంకు భుజానికెత్తుకుంటే మందు పక్క చేనికీ, వాన నీటికీ పోతుంది.

ఇక మిగతా పంటల మాట. అరటి: 2025 మార్చిలో లింగాల మండలంలో ఈదురుగాలులకు తోటలు నేలకొరిగాయి. గెల వేసిన చెట్లకు ఊతకర్రలు ఇప్పుడే కట్టాలి. గాలివాన హెచ్చరిక ఉన్న రోజు నీళ్లు పెట్టొద్దు.

చీనీ: ఎండిన పాదుల్లో ఒక్కసారిగా నీళ్లు నింపొద్దు, డ్రిప్పుతో కొద్దికొద్దిగా ఇవ్వాలి.

వేరుశనగ: తొలి వానల తర్వాత ఎర్ర గొంగళి రెక్కల పురుగులు లేస్తాయి. ఊరంతా ఒకే రాత్రి పొలం గట్లపై మంటలు వేస్తే గుడ్లు పెట్టకముందే చాలా వరకు చస్తాయి.