తిరిగివచ్చిన వలస

పాఠ్యభాగ ఉద్దేశం : ఊరు విడిచి వెళ్ళినవారి వేదన సాహిత్యంలో విస్తారంగా కనిపిస్తుంది. తిరిగివచ్చినవారి మనఃస్థితి అంతగా కనిపించదు. పాలమూరు వలసజీవుల ద్వారా ఆ స్థితిని విద్యార్థులకు తెలియజేయడం ఈ పాఠం ఉద్దేశం.

ప్రాచీన ఆలంకారికులు విప్రలంభ శృంగారానికి ప్రవాసాన్ని ఒక కారణంగా చెప్పారు. కాళిదాసు మేఘసందేశంలోని యక్షుడు శాపవశాన ఏడాదిపాటు రామగిరిపై ఉండి, అలకాపురిని తలచుకొని తపిస్తాడు. శాపం తీరి ఇల్లు చేరిన యక్షునికి రామగిరి ఎప్పుడైనా గుర్తుకు వచ్చిందా? కవి ఆ సంగతి చెప్పలేదు. దానికి సమాధానం గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ పల్లెలలో వెదకవచ్చు.

2016 అక్టోబరు 11న వేర్వేరు జిల్లాలు కాకముందు ఈ మూడు ప్రాంతాలూ మహబూబ్‌నగర్ జిల్లాలోనివే. పాలమూరు అన్నది ఆ జిల్లాకు వాడుక పేరు. కృష్ణా, తుంగభద్రా నదులు చెంతనే ప్రవహిస్తున్నా ఇక్కడి మెట్టపొలాలు వాననే నమ్ముకోవలసివచ్చింది. వాన మొగం చాటేస్తే అప్పు. అప్పు తీరకుంటే వలస. గుంపు మేస్త్రీ ఇచ్చిన బయానాకు కట్టుబడి ఆలుమగలు పార, గడ్డపార, తట్ట పట్టుకొని బయలుదేరేవారు. ఆనకట్టలు కట్టేచోట, కాలువలు తవ్వేచోట ‘పాలమూరు లేబర్’ అన్న మాట స్థిరపడింది. మరికొందరు ముంబయి, పుణె నగరాలకు, ఇంకొందరు గల్ఫ్ దేశాలకు వెళ్ళారు. ముంబయిలోని కామాటిపురకు ఆ పేరు పూర్వం తెలంగాణ నుండి వెళ్ళిన కామాటీ కూలీల వల్లనే వచ్చింది.

కృష్ణపై జూరాల ప్రాజెక్టు, దాని జలాలను ఎత్తిపోసే నెట్టెంపాడు పథకం, శ్రీశైలం జలాశయం నుండి నీటిని తెచ్చే కల్వకుర్తి పథకం వచ్చాక సాగు పెరిగింది. కొన్ని కుటుంబాలు తిరిగివచ్చాయి. 2020 మార్చి 25న లాక్‌డౌన్ అమలులోకి రావడంతో మరెందరో ఇల్లు చేరారు. సొంత ఇల్లు, సొంత భాష, అయినవారు అన్నీ లభించాయి. అయినా విడిచివచ్చిన చోటు మనసును వదలదు.

నగరంలో తెల్లవారగానే నాకాపై నిలబడిన కూలికి ఆనాటి పని కుదిరితే సాయంత్రానికి డబ్బు చేతికందేది. ఊళ్ళో కూలి ఆసామి వీలునుబట్టి వస్తుంది. నగరంలో పక్కవాడు ‘భావూ’ అని, స్త్రీని ‘తాయీ’ అని పిలిచేవాడు. ఊళ్ళో పిలుపులోనే కులం వినిపిస్తుంది. ఒంటరిగా లోకల్ రైలెక్కి పనికి వెళ్ళివచ్చిన స్త్రీకి, అంగడికి వెళ్ళడానికీ అత్తగారి అనుమతి అడగవలసిరావడం భారమే. వేడి వడాపావ్, వేర్వేరు భాషలవారితో కలిసి తాగిన చాయ్ కూడా గుర్తుకు వస్తాయి.

ఆల్‌ఫ్రెడ్ షుట్జ్ అనే సామాజిక తత్త్వవేత్త 1945లో, యుద్ధం నుండి ఇల్లు చేరే సైనికులను దృష్టిలో ఉంచుకొని ఈ స్థితిని వివరించాడు. మనిషి తిరిగివచ్చేసరికి ఇల్లూ మారుతుంది, అతడూ మారుతాడని అతని సిద్ధాంతం.

వలసలోని కష్టం చిన్నది కాదు. పిల్లల చదువు మధ్యలో ఆగింది, వృద్ధులు ఒంటరివారయ్యారు, పనిచోట ప్రమాదం జరిగితే ఆదుకునేవారు లేకపోయారు. వారెవరూ ఆ కష్టాన్ని మళ్ళీ కోరుకోరు. వారు కోరేది వేళకు కూలి, గౌరవంగా ఒక పిలుపు. “అంత బాగుంటే ఎందుకు వచ్చావు?” అని ఎత్తిపొడిచే ఊరు ఈ తేడాను గ్రహించాలి. 2006లో ఉపాధి హామీ పథకం తొలివిడతలోనే మహబూబ్‌నగర్ జిల్లాకు వచ్చినప్పుడు, స్త్రీపురుషులకు సమాన వేతనం అన్న నియమం ఊరి పనిలోకీ ప్రవేశించింది. నగరంలో లభించిన మర్యాద ఊళ్ళోనూ సాధ్యమేనని దీనివల్ల తెలుస్తుంది. తిరిగివచ్చినవారి బెంగను కృతఘ్నతగా కాక, ఊరికి అందిన సూచనగా స్వీకరించడం సముచితం.

అర్థాలు
విప్రలంభం : ఎడబాటు
బయానా : ముందుగా ఇచ్చే సొమ్ము
నాకా : కూలీలు పనికోసం నిలిచే కూడలి
భావూ, తాయీ : అన్న, అక్క (మరాఠీ)

ప్రశ్నలు
1. పాలమూరు వలసకు దారితీసిన పరిస్థితులను వివరించండి.
2. తిరిగివచ్చినవారి బెంగ కృతఘ్నత ఎందుకు కాదు?
3. మీ ఊరికి తిరిగివచ్చిన ఒక వలసకూలీ అనుభవాన్ని అడిగి తెలుసుకొని సొంతమాటల్లో రాయండి.