డేటాబేస్‌లో రికార్డులు లెక్కపెట్టడం ఎలా?

తమ్ముళ్ళూ! మన హాస్టల్లో అన్నం వండే ముందు హాజరు వేస్తారు కదా. తలల లెక్క సరిగ్గా ఉంటేనే బియ్యం సరిగ్గా కొలుస్తారు. ఆ హాజరు రిజిస్టరును వెబ్‌సైటులో పెట్టామనుకుందాం. ఒక టేబుల్‌లో పేరు, ఊరు, బ్యాంకు ఖాతా అనే కాలమ్‌లు. మొత్తం 60 మంది. "ఎంకపల్లి వారు ఎందరు?" అని తెలుసుకోవడానికి రెండు పద్ధతులున్నాయి.

మొదటిది: ఆ ఊరి వరుసలన్నీ సెలెక్ట్‌తో తెప్పించి, పీహెచ్‌పీలో మైఎస్‌క్యూఎల్‌ఐ నమ్ రోస్ ఫంక్షన్‌తో ఎన్ని వచ్చాయో అడగడం. పేర్లు కూడా చూపాలంటే ఇది మంచిది. పాత పుస్తకాల్లో 'ఐ' లేని మైఎస్‌క్యూఎల్ నమ్ రోస్ కనిపిస్తుంది. దాన్ని 2015లో వచ్చిన పీహెచ్‌పీ 7లో తొలగించారు.

రెండవది: సెలెక్ట్ కౌంట్(*). డేటాబేసే లెక్కించి ఒక్క అంకె పంపుతుంది. అంకె మాత్రమే కావాలంటే ఇదే మేలు.

ఇక్కడే చాలామంది పొరపడతారు. ఈ కౌంట్ క్వెరీకి ఎప్పుడూ ఒకే వరుస జవాబుగా వస్తుంది. ఆ ఊరి వారు ఒక్కరూ లేకపోయినా, 0 ఉన్న వరుస ఒకటి వస్తుంది. దానిపై నమ్ రోస్ వాడితే 1 అని చూపుతుంది! వరుసలను లెక్కించకుండా అందులోని అంకెను చదవాలి.

కౌంట్(*) అన్ని వరుసలనూ లెక్కిస్తుంది. కౌంట్(ఖాతా) మాత్రం ఆ కాలమ్ నల్‌గా, అంటే విలువే లేకుండా, ఉన్న వరుసలను వదిలేస్తుంది. ముగ్గురికి ఖాతా లేకపోతే 57 వస్తుంది. స్కాలర్‌షిప్ జాబితాకు ఇదే మొత్తం అనుకుంటే ఆ ముగ్గురూ లేనట్టే. నిజానికి ముందుగా బ్యాంకుకు తీసుకెళ్ళవలసింది వాళ్ళనే.

ఇంకొకటి. ఈ టేబుల్‌ను రోజువారీ హాజరు టేబుల్‌తో జాయిన్ చేస్తే, ఒక్కొక్కరికి ఎన్ని రోజుల హాజరు ఉంటే అన్ని వరుసలు వస్తాయి. 60 మంది 30 రోజులూ ఉంటే 1,800 వరుసలు! పిల్లలెందరో తెలియాలంటే కౌంట్‌లో డిస్టింక్ట్ అని చేర్చి, విద్యార్థి నంబరు కాలమ్ పేరు రాయాలి.

క్వెరీలో తప్పుండి జవాబే రాకపోతే, దాన్ని 0గా తీసుకోకండి. "ఎవరూ లేరు" వేరు, "తెలియలేదు" వేరు.

కోడ్ రాసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: నేను లెక్కించేది వరుసలనా, మనుషులనా? పది పేర్లతో చిన్న టేబుల్ చేసి, వేళ్ళపై లెక్కించి, కంప్యూటరు చెప్పినదానితో సరిచూడండి. లెక్క తప్పితే ఎవరో ఒకరి పళ్ళెం ఖాళీగా మిగులుతుందని హాస్టల్ పిల్లలకు వేరే చెప్పాలా?